పొత్తిగుడ్డలు

గడ్డి కోసం వెళ్ళి బిడ్డను కన్నది పెర్సిస్.

చర్చిలో క్రిస్మస్ నాటకానికి పశువుల పాక వేయాలి. దానికి నిజమైన గడ్డే కావాలని పట్టుబట్టింది ఆమె తల్లి దయమ్మ. కూతురి పురిటి కోసం రాజోలు నుంచి దోహా వచ్చిన మనిషి ఊరికే కూర్చుంటుందా?

నెలలు నిండడానికి ఇంకా టైముంది కదా అని అల్లుడు జేమ్స్ కారు తీశాడు. ముగ్గురూ ఊరవతల ఉమ్ సలాల్‌లో ఒక మేకల ఫారానికి వెళ్ళారు.

గడ్డిమోపు కారెక్కక ముందే పెర్సిస్ మేకల దొడ్డి గుమ్మం పట్టుకుని కూలబడింది.

"అమ్మా, వచ్చేస్తోందే!"

జేమ్స్ అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఫారంలో పనిచేసే లింబాద్రి మేకలన్నిటినీ బయటికి తోలేసి, కొత్త గడ్డి మందంగా పరిచాడు.

"ఈన్నే పండవెట్టుండ్రి అమ్మా. అక్కని కదపకుండ్రి. నేను బయటుంట."

"మేకల దొడ్లోనా? ఛీ ఛీ!" అంది దయమ్మ.

ఆవిడ ఛీ ఛీ కోసం బిడ్డ ఆగలేదు.

మగపిల్లాడు. ఒళ్ళు నీలంగా ఉంది. ఏడవడం లేదు. బయటేమో చలిగాలి.

"పాత గుడ్డ! మెత్తటి పాత గుడ్డ ఏదైనా ఇవ్వు బాబూ, నీకు పుణ్యముంటుంది!"

కొత్త గుడ్డ పసికందుకు గరుకు. దయమ్మ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ ముందు పాత గుడ్డలోనే చుట్టారు.

లింబాద్రి తన గదిలోకి పరుగెత్తాడు. తలగడ కింద నుంచి వెలిసిపోయిన ఆకుపచ్చ చీర తెచ్చి గుమ్మంలోంచి అందించాడు.

"ఉతికి పెట్టిన అమ్మా. సాఫ్ ఉంది."

దయమ్మ ఆ చీరతో బిడ్డ వీపు రుద్దింది. గుండె రుద్దింది. పాదాలు రుద్దింది.

వాడు దొడ్డి అదిరిపోయేలా కేరుమన్నాడు. బయట మేకలు కూడా అరిచాయి.

"యేసయ్యా, నీకు స్తోత్రం!"

ప్రాణం కుదుటపడ్డాక దయమ్మ చీర వంక చూసింది.

"ఒంటరి మగాడి తలగడ కింద ఆడదాని చీరేమిటి అల్లుడూ? ఎవత్తిదో ఏమో!"

లింబాద్రి విన్నాడు. అంబులెన్సు కోసం గేటు తీయడానికి వెళ్ళాడు.

అంబులెన్సు ఎక్కబోతూ దయమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

"బాబూ, మావాడు మేకల దొడ్లో పుట్టాడని ఎవరికీ చెప్పకు. పరువు పోతుంది."

"ఎవలికి జెప్త అమ్మా? మేకలకా?" అని నవ్వాడు లింబాద్రి.

చర్చిలో అడిగినవాళ్ళందరికీ "హాస్పిటల్లోనే, ఏసీ రూములో" అని చెప్పింది దయమ్మ. ఆ చీరను ఉడకబెట్టి, చింపి, మనవడికి పొత్తిగుడ్డలు చేసింది.

క్రిస్మస్ కూటం రోజు పాకలో గడ్డి మీద బొమ్మను పడుకోబెట్టారు. లింబాద్రి ఇచ్చిన గడ్డే. ఆ వాసన తగలగానే దయమ్మ మనసు మనసులో లేదు. పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పమనగానే మనవడితో లేచింది.

"అయ్యా, నేను అబద్ధమాడాను. నా మనవడు మేకల దొడ్లో పుట్టాడు. నా దేవుడు పుట్టినటువంటి చోటే పుట్టాడు. నేనేమో సిగ్గుతో చచ్చాను. బుద్ధిలేనిదాన్ని!"

హాలంతా చప్పట్లు. "ఆ బొమ్మ తీసెయ్యండి!" అని ఎవరో అరిచారు. బాబును గడ్డి మీద పడుకోబెడితే వాడు రాజులా కాళ్ళు ఆడించాడు.

మర్నాడు బాబునెత్తుకుని, కేకు పట్టుకుని ముగ్గురూ ఫారానికి వెళ్ళారు. లింబాద్రి గదిలోనే ఉండే రత్నాకర్ గేటు తీశాడు.

"లింబన్ననా? నౌకరి ఖతం జేస్కొని ఇంటికి పోయిండు. ఇగ రాడు."

దయమ్మ మొహం చిన్నబోయింది.

రత్నాకర్ బాబు ఒంటి మీది ఆకుపచ్చ గుడ్డను మెల్లగా ముట్టుకున్నాడు.

"గిది లింబన్న వాళ్ళవ్వ చీర గదా. సాయవ్వది. ఆమె పోయినంక దీన్ని తలకింద వెట్టుకుంటెనే ఆయనకు నిద్ర."

"అయ్యో! చింపేశాను నాయనా!" దయమ్మకు ఏడుపు ఆగలేదు. "ఒక్కమాట అడగొచ్చు కదా, ఇచ్చేసేదాన్ని!"

"అడుగుమని నేను గూడ అన్న. నవ్విండు. 'మా అవ్వ నన్ను మేకల మందలనే కన్నది, గా చీరలనే చుట్టింది. గిప్పుడు ఇంకో పిల్లగాన్ని బతికిచ్చింది, మా అవ్వ గెలిచింది రా' అన్నడు."