అభ్యాసానికి ఒక ఫిర్యాదు

పడవల క్లబ్‌లో పిల్లల భద్రత గురించి శిక్షణ ఇస్తున్నది కోచ్ సారే. కొత్తగా చేరిన తొమ్మిది మంది వాలంటీర్లలో నేనొకదాన్ని. పదేళ్ల కిందట తెడ్డు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

"అభ్యాసానికి తలా ఒక ఫిర్యాదు కల్పించి, కింద కార్బన్ పెట్టి రాయండమ్మా. నేను సంతకం చేసి, నిజం ఫిర్యాదుల్లాగే క్లబ్ బోర్డు వాళ్ల పెట్టెలో వేస్తాను. దాని తాళం నా దగ్గర కూడా ఉండదు" అన్నారు.

నాకు చదువు తక్కువ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను.

"ఏంటమ్మా, చాంతాడంత రాస్తున్నావ్?" అని నవ్వారు. కాగితాలన్నిటి మీదా చూడకుండానే సంతకాలు గీకి పెట్టెలో వేశారు. తర్వాత కార్బన్ నకళ్లలో నాది తీసి చదివారు.

అందులో పడవల షెడ్డు ఉంది, ఆయన వేసిన గొళ్లెం ఉంది, నా పదమూడేళ్ల వయసు ఉంది, ఆయన పేరు ఉంది.

ఆయన వెళ్లి పెట్టె మూత పట్టి లాగారు, రాలేదు. నాకది కన్నులపండుగగా ఉంది.

"కల్పించి రాశావు కదూ?"

"లేదు సార్. జరిగిందే రాశాను."

"నువ్వొక్కదానివి చెబితే ఎవరు నమ్ముతారు?"

"మిగతా ఎనిమిది నకళ్లూ చదవండి సార్" అన్నాను. "మేమెవరమూ కల్పించి రాయలేదు."