మూడుసార్లు తట్టాకే

ఇంటింటా రాచనాగుల్ని పెంచే ఊరది. పాముపెట్టె తెరిచే ముందు మూత మీద మూడుసార్లు తట్టాలి, లోపలున్నది ఉలిక్కిపడకుండా. కంఫాన్ నలభై ఏళ్లుగా తట్టినవాడే. పోయిన నెల ఒక్కపూట మరిచిపోయాడు. పాము కాటేసింది, గంటలో ప్రాణం పోయింది.

చీకటి పడ్డాక అతని భార్య బువాలా నీళ్లచెంబుతో కర్రల మీద నిలబెట్టిన ఇంటి కింద ఉన్న పాముపెట్టె దగ్గరికి దిగింది.

“ఆ పాముని అడవిలో వదిలెయ్యమంటే వినవేంటమ్మా?” పైనుంచి కూతురు అడిగింది.

“మీ నాన్న గుడ్డు నుంచీ పెంచాడే. దాహంతో చంపనా?”

మాటల్లో పడి, తట్టకుండానే గడియ మీద చెయ్యేసింది.

టక్. టక్. టక్.

చప్పుడు మూత పైనుంచే వచ్చింది. దగ్గర ఎవరూ లేరు. పెట్టెలో పాము మెల్లగా సర్దుకుంది.

బువాలా చెయ్యి తీసేసి అక్కడే చతికిలబడింది.

“ఆ పూట సంతకు పోకుండా ఉంటే నేనూ నీకు గుర్తుచేసేదాన్ని గదయ్యా,” అంది.