దొరకని చీటీ

యజమాని ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పరిచి వేలితో పొడిచాడు.

"చదవండి."

నిఘంటువు సంపాదకురాలు చదివింది.

"మిస్చీఫ్: చిలిపితనం; ఎవరికీ గాయం కాని అల్లరి. వాడుక: యజమాని విగ్గులో పిచ్చుక గుడ్లు పెట్టిందని ఎవరో చిలిపిగా పుకారు పుట్టించారు."

యజమాని చెయ్యి తనకు తెలియకుండానే నెత్తిమీదికి వెళ్ళింది.

"సాయంత్రంలోగా ఇది రాసినవాళ్ళు బయటికి పోవాలి. ఎవరైనా సరే."

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆఫీసులో నవ్వని మనిషి ఆవిడ. చాటుగా అందరూ ఇనపస్కేలు అంటారు. గదికి తిరిగి నడుస్తుంటే చెవులు కాలాయి. వంచిన తలలన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది.

అక్కడ ప్రతి మాటకీ ఒక చీటీ. సంపాదకురాలితో సహా ఎవరైనా అర్థం, వాడుక రాసి పంపితే టైపిస్టు కొడుతుంది. ఆ టైపిస్టు వాగుడుకాయ. గిలక్కాయ అని పేరు. అందరి వేళ్ళూ ఆ పిల్లనే చూపించాయి.

"చీటీలో ఉన్నదే కొట్టాను మేడం. అక్షరం కూడా మార్చొద్దని రూలు పెట్టింది మీరేగా!"

"ఏదీ ఆ చీటీ?"

గిలక్కాయ ఒక్క క్షణం ఆవిడ కళ్ళలోకి చూసింది.

"కనపడటం లేదండీ."

ఆవిడే చీటీల పెట్టె ముందు కూర్చుని రెండుసార్లు వెతికింది. దానికి ముందున్న మాట చీటీ ఉంది, తర్వాతి మాట చీటీ ఉంది. మధ్యది లేదు. నిట్టూర్పు వచ్చింది. అది తన చెవినే పడి సిగ్గేసింది.

"చీటీ లేకపోతే నువ్వు రాసినట్టే అనుకుంటారు, అమ్మాయ్."

"అనుకోనివ్వండి. అయినా వాక్యం భలే ఉంది మేడం! రాసినవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారో!"

"నవ్వులాటగా ఉందా? నీ జీతంతోనేగా ఇల్లు గడిచేది?"

"ఔనండీ." నవ్వు కాస్త తగ్గింది. "ఇంకోచోట చూసుకుంటాను."

తొలగింపు కాగితం మీద ఆవిడ, ఆఫీసులో తానొక్కతే వాడే ఆకుపచ్చ సిరాతో సంతకం చేసింది. తల మాత్రం ఎత్తలేదు.

గిలక్కాయ కాగితం అందుకుంది. సంచిలోంచి చిన్న మడత ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మడత విప్పకముందే, చీటీ వెనక్కి ఊరిన తన ఆకుపచ్చ సిరా, తన గుండ్రటి దస్తూరి ఆవిడకు కనిపించాయి.