మణిదీప్ దగ్గు

ఆ పొద్దున్న పూజ ముగించి, పనులకెళ్లేవాళ్లు మా ఇంట్లో వదిలే పిల్లల కోసం చాపలు పరిచాను. రాజమండ్రి బట్టల కొట్లో పనిచేసే దేవిశ్రీ ఎనిమిదింటి బస్సుకు ముందే వచ్చి, ఏడాదిన్నర కొడుకు మణిదీప్‌ను నా చేతికిచ్చింది. వాడి తల నా భుజం మీద వాలిపోయింది. నోట్లో దగ్గుమందు వాసన.

"మళ్లీ పట్టావా?"

"రాత్రి దగ్గాడండి, పిన్నిగారూ. ఒక్క మూతేనండి."

"నెల్లాళ్లుగా ఇక్కడ ఒక్కసారీ దగ్గలేదు. ఏంటమ్మాయ్, వీడి దగ్గు నీకొక్కదానికే వినిపిస్తోందా? సాయంత్రం దాకా కళ్లు తెరవడు. ఏ డాక్టరుగారు రాశారు?"



"ఎవరూ రాయలేదండి. పట్టకపోతే ఏడుస్తాడండి. ఏడ్చే పిల్లల్ని ఉంచుకోనని చేర్చిన రోజు మీరే అన్నారు కదండీ."

అది నేను అందరితోనూ అనే మాటే.

సాయంత్రం పిల్లలు వెళ్లాక, నాతోపాటు వాళ్లను చూసుకునే మా చెల్లెలితో చెప్పాను. మందు లేక ఒకడు ఏడిస్తే మిగతా నలుగురూ లేచి కూర్చుంటారు, మన ఇద్దరి వల్లా కాదంది. వాణ్ని మాన్పిస్తే దేవిశ్రీ ఉద్యోగం పోతుందన్నాను.

చివరికి మణిదీప్‌ను ఉంచుకోవాలనే నిర్ణయించాం. మందు సంగతి ఇక అడగకూడదని కూడా.