రంగులు ఆరే సమయం

"క్లాసు చివర చేతులు కట్టుకుని కూర్చుంటున్నారేం మేడమ్?" అంది వకుళ మణికట్టు మీది స్మార్ట్ పట్టీ. ఇప్పుడు టీచర్లందరి రోజునీ పట్టీలే నడుపుతున్నాయి.

"రంగులు ఆరాలిగా!" అంది డ్రాయింగ్ టీచర్ వకుళ.

"అంటే మీకు పనిలేదు." పట్టీ ఆ సమయాన్ని కోసేసింది. పెందలాడే ఇల్లు చేరొచ్చని వకుళ కూడా సరేనంది.

నిన్న తడిబొమ్మల్ని ఒకదానిమీదొకటి పేర్చి, తన తర్వాతి క్లాసున్న పక్క స్కూలుకి పరుగెత్తింది. ఇవాళ విడదీస్తుంటే, హిమజ గీసిన నాయనమ్మ ముఖం పైకాగితానికి అంటుకుని ఊడొచ్చింది.

"పోయిన నాయనమ్మ నవ్వు ఇన్నాళ్లకి కుదిరింది టీచర్. కాసేపు ఆరనిస్తే ఉండేది కదా!" అంది హిమజ, ఊడిన చోటుని వేలితో తడుముతూ.

"క్షమాపణకి ఒక నిమిషం కేటాయించాను," అంది పట్టీ.

వకుళకి మాట పెగిలేలోపే ఆ నిమిషం అయిపోయింది.