గోడ మీద గీత

ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం నా పని. బీరువా మీద ఉన్న జాలి మోసేవాడి మీద ఎవరికీ ఉండదు. మా మోకాలు చిట్లితే పలకరించే దిక్కుండదు, గోడకు గీత పడితే మాత్రం ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు.

ఆ రోజు మోసింది మా సామానే. అమ్మా నేనూ కూడబెట్టి కట్టుకున్న రెండు గదుల సొంతింట్లోకి. బీరువాకి అటు కొస అమ్మ, ఇటు కొస నేను.

"మెల్లగా రా, గోడ! గోడ!"

"ఊరందరి సామాను మోశాను. నాకు నువ్వు నేర్పుతావా?" అని అరిచాను. అరుస్తూనే కొత్త గోడ మీద జానెడు గీత పెట్టాను.

అమ్మ వేలితో తడిమింది. "ఏంట్రా ఇది?"

నోరు దానంతటదే తెరుచుకుంది. "అది ముందునుంచీ ఉందండీ."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

చివరి మూట దించి గుమ్మం బయటికొచ్చాను. "అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి" అని కేకేసి, వెళ్లి బండెక్కాను. తాళం తిప్పాక గానీ, నేను వెళ్లాల్సిన ఇల్లు ఇదేనని గుర్తురాలేదు.

అమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "ఏం బాబూ, కాసిని మంచినీళ్లు తాగి వెళతారా?"

ఇన్నేళ్లలో ఏ ఇంటివాళ్లూ నన్ను ఆ మాట అడగలేదు. తల దించుకుని లోపలికెళ్లి, అలవాటుగా నేల మీద చతికిలబడ్డాను.

"కుర్చీలో కూర్చోరా, అది మనదే," అంది అమ్మ, నీళ్లు అందిస్తూ. "ఆ గీత కూడా మనదే."