అడ్డుపుల్లగారు

“హ్యాంపర్ వచ్చిందట, తీసుకోమంటున్నారు” అని ప్రూఫ్ రీడర్ బాబాయి చెప్పగానే డీటీపీ అమ్మాయి కీబోర్డు వదిలేసి లేచింది. చీఫ్ ఎడిటర్ గదిలోంచి వినబడిన ముక్కని బాబాయి తన చెవులకి అందినంతవరకే మోసుకొచ్చాడు. ఇన్నాళ్ళకి ఓనరుగారి మనసు కరిగి బహుమతి బుట్ట పంపారని ఇద్దరూ అనుకున్నారు. అందులో జీడిపప్పు ఉంటే ఎవరికి, చాక్లెట్లు ఉంటే ఎవరికి అన్న వాటాలు కూడా తేలిపోయాయి.

సబ్ ఎడిటర్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఆ గదిలోంచి వచ్చే హ్యాంపర్ ఎలాంటిదో ఆవిడకి బాగా తెలుసు. అది తినేది కాదు, తల తినేది. హ్యాంపర్ అన్న మాట మీద ఆవిడ రాసిన పేజీ, ఒళ్ళంతా ఎర్ర సిరా పూసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చింది.

వాళ్ళు తయారుచేస్తున్నది ఒక నిఘంటువు. అర్థం ఒకటేలా కనిపించే ఇంగ్లీషు మాటల్లో ఏది ఎక్కడ వాడాలో తెలుగులో విడమరిచి చెప్పేది. మాటల్ని గుత్తులు గుత్తులుగా కట్టారు. నవ్వుల గుత్తి, ఏడుపుల గుత్తి, నడకల గుత్తి అన్నీ తెమిలాయి. అడ్డుపడే మాటల గుత్తి ఒక్కటే మిగిలింది. హిండర్, హ్యాంపర్, అబ్‌స్ట్రక్ట్, బ్లాక్, ప్రివెంట్, ఇంపీడ్. ఇంపీడ్‌లో పీడ ఉందన్న సంగతి ఆవిడకి ఈ ఆఫీసులోనే తెలిసొచ్చింది.

ఆ పీడ చీఫ్ ఎడిటర్ పెద్దాయన. తెలుగులో ఉన్న అడ్డుపుల్లలూ అడ్డుగోడలూ అడ్డుకట్టలూ అన్నీ కలిసి ఒకే చొక్కా తొడుక్కుంటే ఆయనలాగే ఉంటాయని ఆవిడ నమ్మకం. అందుకే అడ్డుపుల్లగారని పేరు పెట్టింది. చాటుగానే అనుకోండి.

కోపం రాక ఏం చేస్తుంది? అట్ట మీద తన పేరు వేస్తామన్న మొదటి పుస్తకం ఇది. పని మొదలుపెట్టేనాటికి కూతురికి అక్షరాలు రావు. ఇప్పుడా పిల్లే, “అమ్మా, నీ పుస్తకం నా పెళ్ళికైనా వస్తుందా?” అని నిలదీస్తోంది.

ఆవిడ పేజీ పట్టుకుని విసురుగా పెద్దాయన గదిలోకి వెళ్ళింది. దారికి అడ్డంగా లారీ నిలబడితే అబ్‌స్ట్రక్ట్ అనీ, దారి పూర్తిగా మూసుకుపోతే బ్లాక్ అనీ, ఒంటిమీది బరువు సరిగ్గా నడవనివ్వకపోతే హ్యాంపర్ అనీ ఆయన మొదట్నించీ పాఠం అందుకున్నారు. అన్నీ ఆవిడ రాసినవే. ఒక్క అక్షరం తేడా లేదు.

“పోయినసారి ఉదాహరణ వాక్యంలో వాన తీసేసి తడిసిన కోటు పెట్టమన్నారు. ఇప్పుడు కోటు తీసేసి వాన పెట్టమంటున్నారు” అంది ఆవిడ పళ్ళు బిగించి.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నారు. “వానే బావుందమ్మా.”

“అసలు మీరీ పుస్తకం రానివ్వరా సార్?”

“రానివ్వకపోతే దాన్ని ప్రివెంట్ అంటారు. ఆలస్యం చేస్తే హిండర్. నాకు చేతనైంది రెండోదే తల్లీ. మొదటిది నా వల్ల కాదు.”

తను కడుపు మండి అడిగితే ఆయన వ్యాకరణం వడ్డిస్తున్నాడు. ఆవిడ తలుపు ధడాలున వేసి బయటికొచ్చింది.

పెద్దవాడు కదా, ఇంకోసారి రాస్తే పోయేదేముందని బాబాయి సర్దిచెప్పబోయాడు. ఆ చెవులతో ఆయనకి ఇంకెక్కడా పని దొరకదు కనుక ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. డీటీపీ అమ్మాయి కూడా, “పోనీలే అక్కా” అంది.

“మీరిలా పోనీ పోనీ అనబట్టే మన పని ముందుకి పోవడంలేదు” అని ఇద్దరినీ కలిపి దులిపేసి, ఆవిడ ఆ గుత్తి మొత్తం ప్రింట్ తీయించింది. మేడమెట్లెక్కి నేరుగా ఓనరుగారి ముందు పెట్టింది.

వానా కోటూ కథంతా ఏకరువు పెట్టింది. వాన కోటయింది, కోటు వానయింది, తన వయసు మాత్రం వెనక్కి రావడంలేదని చెప్పింది. పనిచేసేవాళ్ళ ఉసురు పోసుకోవడానికే కొందరు కుర్చీల్లో కూర్చుంటారని కూడా అనేసింది. ఓనరుగారు అడ్డు చెప్పకుండా విన్నారు. ఆవిడకి అదే పెద్ద సన్మానంలా తోచింది.

“అయితే పుస్తకం అయిపోయినట్టేనా?” అని అడిగారాయన.

“పూర్తిగా అయిపోయింది సార్. ఆయన సంతకం ఒక్కటే బాకీ.”

ఓనరుగారే మెట్లు దిగి పెద్దాయన గదిలోకి వచ్చారు. బాబాయీ, డీటీపీ అమ్మాయీ గుమ్మంలో చేరారు. పెద్దాయన లేచి నిలబడ్డారు. ఇంపీడ్ దగ్గర ఇంకా అనుమానాలున్నాయనీ, కొన్నాళ్ళు గడువు కావాలనీ గొణిగారు. ఆ గొంతులో బతిమాలడం వినిపించి ఆవిడకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తను బతిమాలినప్పుడు ఈయన విన్నాడా?

“చూడాల్సిందేమీ లేదు సార్” అంది, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ.

పెద్దాయన ఆవిడకేసి చూశారు. తర్వాత బాబాయికేసి, డీటీపీ అమ్మాయికేసి చూశారు. సంతకం పెట్టారు. ఎర్ర సిరా కలానికి మూత పెట్టేశారు. ఓడిపోయినవాళ్ళు అలాగే చేస్తారని ఆవిడ అనుకుంది.

డీటీపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఏం జరిగిందో సరిగ్గా వినబడకపోయినా బాబాయి కూడా కొట్టాడు. ఆవిడ తల ఎత్తుకుని నిలబడింది.

ఓనరుగారు కాగితాలు చంకలో పెట్టుకుని, బాబాయికి కూడా వినబడేలా గొంతు పెంచారు.

“నిఘంటువు పూర్తయ్యేదాకా ఈ ఆఫీసు మూసెయ్యనని మీ పెద్దాయనకి మాటిచ్చాను.”